విప్లవ పథికులు – 9 : లెక్క అప్పగించిన నాయకుడు పుచ్చలపల్లి సుందరయ్య

1951వ సంవత్సరము అక్టోబరు మాసమున తెలంగాణ సాయుధ పోరాటము విరమింపబడిన ఘట్టముతో గత సంచికలోని వ్యాసము ముగిసినది. ఇంత రక్తము ధారపోసి సాధించిన దేమి, పోగొట్టుకొన్న దేమి యను ప్రశ్న ఆనాడు అడవులలో మిగిలిన దళములకును, జైళ్ళలో మ్రగ్గుచున్న కార్యకర్తలకును సమానమే అయినను, దానికి నిదానముగా సమాధానము చెప్పు తీరిక గాని, చెప్పినచో వినిపించుకొను ఓపిక గాని ఆ వేడిలో ఎవరికిని లేకుండెను. ఇరువది యొక్క సంవత్సరముల పిమ్మట, 1972లో, ఆ పోరాటమునకు బాధ్యత వహించిన నాయకులలో ఒకరు, ఊళ్ళ పేర్లతో, మనుష్యుల పేర్లతో, తప్పొప్పుల విచారణతో ఒక బృహద్గ్రంథమును వ్రాసి లోకము ముందుంచిరి. ఆయన పుచ్చలపల్లి సుందరయ్యగారు. జయము కలిగినప్పుడు తామే కర్తలమని చాటుకొనుటయు, అపజయము కలిగినప్పుడు కాలమును, కర్మమును, తోడివారిని నిందించుటయు నాయకులకు పరిపాటి యైన లోకమున, తాను నడపిన ఉద్యమమునకు తానే లెక్క అప్పగింపవలెనని తలచిన ఆ మనస్సు ఎట్లు రూపొందినదో తెలిసికొన్నగాని మన కథ ముందునకు సాగదు.

అలగానిపాడు

సుందరయ్యగారు 1913 మే 1వ తేదీన నెల్లూరు జిల్లా కోవూరు తాలూకా అలగానిపాడు గ్రామమున, భూవసతి గల రెడ్ల కుటుంబమున జన్మించిరి. పెద్దలు పెట్టిన పేరు సుందరరామిరెడ్డి. పెన్నా నీటితో వరి పండెడి ఆ సీమలో భూమి గలవానికి కొరత లేదు; భూమి లేనివానికి, అందును మాలపల్లెలోనో మాదిగగూడెములోనో పుట్టినవానికి, కొరత తప్ప మరియొకటి లేదు. ఏడాది కుదిరిన పాలేరు చేసిన అప్పు తీరునంతవఱకు ఆ గడప విడువరాదు. కూలి గింజల రూపమున ముట్టును. ఆ గింజలు కొలుచు కుంచము యజమాని చేతిలోనిది. తండ్రిని బాల్యముననే కోల్పోయి, బంధువుల యిండ్ల నుండి పలు పట్టణములలో చదువుకొని, తుదకు మద్రాసు లయోలా కళాశాలలో చేరిన ఈ యువకుడు, 1930లో గాంధీ మహాత్ముని ఉప్పు సత్యాగ్రహపు పిలుపు విని పుస్తకములు కట్టిపెట్టి ఉద్యమమున దుమికెను. అప్పటికి ఆయన ప్రాయము పదునేడు. శిక్ష విధించిన ప్రభుత్వము, వయస్సు చాలనివాడని, తంజావూరు బోర్‌స్టల్ పాఠశాలకు పంపెను. బాలనేరస్థులను చక్కదిద్దుటకు నెలకొల్పబడిన ఆ సంస్థ సుందరయ్యగారి విషయమున సాధించిన దెల్ల, ఖద్దరు కట్టిన జాతీయవాదిని కమ్యూనిస్టు భావముల సరిహద్దునకు చేర్చుట మాత్రమే.

ఆ సరిహద్దు దాటించిన గురువు అమీర్ హైదర్ ఖాన్. రావల్పిండి ప్రాంతమున నిరుపేద యింట పుట్టి, ఓడలలో కూలిగా సముద్రములు దాటి, అమెరికాలోని డెట్రాయిట్ నగరమున మోటారు కర్మాగారములో పనిచేసి, మాస్కోలో విప్లవశాస్త్రము నేర్చి, మీరట్ కుట్ర కేసులో ముద్దాయిగా పేరెక్కియు పోలీసులకు దొరకక, మారుపేరుతో మద్రాసు చేరిన ఆ శ్రామికుడు, 1932లో పట్టుబడులోపల, దక్షిణ దేశమున కమ్యూనిస్టు పార్టీకి తొలి విత్తనములు చల్లెను. గ్రంథముల ద్వారా మార్క్స్‌ను తెలిసికొన్నవారు దేశమున పెక్కుమంది కలరు. కాని భూస్వామి యింటి బిడ్డ ఓడకూలీ యొద్ద శిష్యరికము చేయుట అరుదు. సుందరయ్యగారి రాజకీయములందు కడవఱకు పుస్తకపాండిత్యముకంటె పనివాని బ్రదుకుపై చూపు ఎక్కువగా కనబడుటకు ఈ గురుత్వమే మూలమని తోచును.

చెఱ విడిచి వచ్చినవెంటనే ఆయన పట్టణమున ఉపన్యాసములకు పూనుకొనక, తమ ఊరి వ్యవసాయ కూలీలను కూడగట్టి, వెట్టి పాలేరుతనమును ఎదిరించుటతో రాజకీయ జీవితమును ఆరంభించిరి. ఇందలి విశేషమును గుర్తింపవలెను. ఆనాటి రైతు ఉద్యమము జమీందారులపై ఎక్కుపెట్టినది. జమీందారులను తిట్టుట రెడ్డిగారికిని, కమ్మవారికిని, మధ్యతరగతి రైతునకును ఇష్టమైన పనియే. కూలి రేట్ల మాట ఎత్తినచో ఆ మధ్యతరగతి రైతే ఎదురు తిరుగును. సుందరయ్యగారు తమ యింటివారి పొలములోని కూలివాని పక్షముననే మొదట నిలిచిరి. కులమును తెలుపు తోకను పేరునుండి తొలగించుట, పిత్రార్జితమున తమ వంతును పార్టీ కిచ్చివేయుట, అంటరానివారన్నవారితో కలిసి కూర్చుండి తినుట మొదలైనవి ఆ నిలుకడకు సహజముగా వచ్చిన అనుబంధములు. 1943లో బొంబాయి పార్టీ కేంద్రమున పనిచేయుచుండిన మహారాష్ట్ర యువతి లీలగారిని ఆయన వివాహమాడిరి. సంతానముపై మమకారము కార్యదీక్షకు అడ్డు రాగూడదని ఆ దంపతు లిరువురును నిశ్చయించుకొని, బిడ్డలు వలదనుకొనిరి.

1934లో ప్రభుత్వము నిషేధించిన పార్టీ, కాంగ్రెస్ సోషలిస్టు పార్టీ అను గొడుగు నీడన పని సాగించిన కాలమున, దక్షిణ రాష్ట్రములలో దానిని నిర్మించు భారములో అధికభాగము ఈ యువకుని భుజములపై పడెను. మలబారున కృష్ణపిళ్ళ, నంబూద్రిపాద్‌లతోను, తమిళదేశమున జీవానందం, రామమూర్తులతోను ఆయన నెరపిన సంబంధములే ఆ ప్రాంతములలో పార్టీ వేరూనుటకు తోడ్పడెను. 1936లో ఏర్పడిన అఖిల భారత కిసాన్ సభ స్థాపకులలోను ఆయన ఒకరు. 1943లో బొంబాయిలో జరిగిన పార్టీ ప్రథమ మహాసభ ఆయనను కేంద్రసంఘమున కెన్నుకొన్నది. సహచరులకు ఆయన ‘పి.ఎస్.’గా పరిచితుడైనది ఈ కాలముననే.

తెలంగాణము : మూడు తీర్పులు

పోరాట వృత్తాంతమును గత వ్యాసములలో విపులముగా చెప్పియుంటిమి గనుక ఇక్కడ ముఖ్యాంశములు మాత్రమే స్మరింతము. నిజాము రాజ్యమున దేశ్‌ముఖుల గడీలకు వెట్టిచాకిరి చేయుచు, నాగుకు తెచ్చిన గింజలకు ఒకటికి ఒకటిన్నర కొలిచి యిచ్చుచు నలిగిన పల్లెలు ఆంధ్ర మహాసభ జెండా క్రింద లేచినవి. 1946 జూలై 4వ తేదీన కడవెండి గ్రామమున విసునూరు దేశ్‌ముఖు మనుష్యుల తుపాకికి దొడ్డి కొమరయ్య నేలకొరిగెను. 1947 సెప్టెంబరు 11వ తేదీన రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్‌గార్లు ఆయుధములు పట్టుడని పిలుపునిచ్చిరి. 1948 సెప్టెంబరులో భారత సైన్యము ప్రవేశించి అయిదు దినములలో నిజామును లొంగదీసెను. ఆ పిమ్మట అదే సైన్యమును ఎదిరించుచు పోరాటము మరి మూడేండ్లు సాగినది. ఈ కాలమంతయు సుందరయ్యగారు రహస్య జీవితమున నుండి, రాజేశ్వరరావు, బసవపున్నయ్య ప్రభృతులతో కలిసి ఉద్యమమునకు మార్గనిర్దేశము చేసిరి.

కథ యిక్కడనే చిక్కుపడినది. నిజాము పడిపోయిన తరువాత తుపాకిని దింపవలసినదని రావి నారాయణరెడ్డిగారి పక్షము. నిజాముపై కలిసి నిలిచిన ధనిక రైతును, పట్టణ మధ్యతరగతిని నెహ్రూ సైన్యము తనవైపు త్రిప్పుకొన్నది. ఆపైన పోరాటము ప్రజలలో ఒంటరి యయ్యెనని ఆయన వాదము. ఆయుధములు విడుచుటయే ద్రోహమని, కొనసాగించినచో అది దేశవిప్లవమునకు బాట వేసెడిదని దేవులపల్లి వెంకటేశ్వరరావుగారి పక్షము. సుందరయ్యగారిది మూడవ తీర్పు. చేతికి వచ్చిన భూమిని దేశ్‌ముఖులు సైన్యము వెంట తిరిగివచ్చి లాగుకొనుచుండగా రైతును నిరాయుధుని చేసి విడిచిపోవుట ధర్మము కాదు గనుక 1948 పిదప పోరాడుట సమంజసమే. అయితే దానిని రాజ్యాధికారము కొఱకైన యుద్ధముగా భావించుట, పార్టీ కేంద్ర నాయకత్వములోని కలహము, ప్రజల బలిమిని మించిన ఎత్తుగడలు తప్పులు. 1951లో విరమించుట అనివార్యము. ఒకే పోరాటమున భుజము భుజము కలిపి నిలిచిన మువ్వురు ముత్తెఱగుల తీర్పు చెప్పిరన్న మాట. చరిత్ర పాఠకునకు ఇందు ఏ ఒక్కరి పక్షమునను చేరక తప్పదని లేదు. కాని సుందరయ్యగారి తీర్పు తక్కిన రెండింటికంటె కష్టసాధ్యమైనదని మాత్రము ఒప్పుకొనవలెను, ఏలయన అది పోరాడినందుకును బాధ్యత వహించును, ఆపినందుకును బాధ్యత వహించును.

“వీర తెలంగాణ విప్లవ పోరాటం – గుణపాఠాలు” అను పేర తెలుగున వెలువడిన ఆ గ్రంథమున ఆయన చూపిన అంకెలు ఇవి: మూడు వేల గ్రామములు, ముప్పది లక్షల జనము, పదహారు వేల చదరపు మైళ్ళ వైశాల్యము, పంపకమైన భూమి పది లక్షల యెకరములు, హతులైన కమ్యూనిస్టులు, రైతు యోధులు నాలుగు వేలమంది, మూడు నాలుగేండ్లు నిర్బంధములలోను జైళ్ళలోను గడపినవారు పదివేలకు పైబడినవారు. అంకెలకంటె విలువైనది ఆయన వాటి ననుసరించి నడచిన తీరు. తాలూకా వెంట తాలూకాగా, గ్రామము వెంట గ్రామముగా పోయి, ఎవరు ఎక్కడ ఎట్లు పోరాడిరో, ఎవరు ఎట్లు చనిపోయిరో, ఎవరు లొంగిపోయిరో పేర్కొని, స్త్రీల పాత్రకు ప్రత్యేకముగా తావు కల్పించి, చాకలి, గొల్ల, లంబాడ, కోయ జనుల పేర్లను చరిత్రగ్రంథమున కెక్కించిరి. గడీల దస్తావేజులలో వెట్టివాండ్ర లెక్కలో తప్ప ఎన్నడును ఎక్కని పేర్లవి.

ఆ లెక్కలో చేరని పద్దులును కలవు. దళముల చేత హతులైనవారి విషయమున గ్రంథము పార్టీ దృష్టినే అనుసరించును. స్త్రీల త్యాగమును అది కీర్తించినను, పోరాటము ముగిసినపిమ్మట ఆ స్త్రీలు ఏమైరన్న ప్రశ్నను లోతుగా తడవలేదు. ఆ కొరతను 1986లో స్త్రీశక్తి సంఘటన వారు ప్రకటించిన “మనకు తెలియని మన చరిత్ర” తీర్చినది. తుపాకి పట్టిన చేతులను విరమణానంతరము మరల వంటయింటికే పంపిరన్న ఆవేదన అందు ఆ స్త్రీల నోటనే వినవచ్చును.

సభలలోను, సభల వెలుపలను

అజ్ఞాతము వీడిన సుందరయ్యగారు 1952లో రాజ్యసభ సభ్యులై, అందు కమ్యూనిస్టు బృందమునకు నాయకత్వము వహించిరి. ఢిల్లీ వీథులలో సైకిలుపై పార్లమెంటునకు పోవు ఈ సభ్యుని చూచి ఆశ్చర్యపడినవారి ముచ్చటలు నేటికిని చెప్పుకొందురు. సైకిలు ముచ్చట మనోహరమైనదే. అయినను దానినే పట్టుకొని వ్రేలాడుట వలన అసలు మనిషి మరుగుపడుచున్నాడు. ఆ సైకిలు దిగి ఆయన సభలో మాటాడిన విషయములు భూమి, నీరు, భాషారాష్ట్రము.

తెలుగువారి కందఱకు ఒక్క రాష్ట్రమను భావమును “విశాలాంధ్రలో ప్రజారాజ్యం” అను చిన్న పుస్తకమున ఆయన 1956కు ఏండ్ల పూర్వమే ప్రతిపాదించిరి. ఆ వాదమునకు పునాది భాషాభిమానమొక్కటే కాదు. కృష్ణా గోదావరులు తెలంగాణము మీదుగా ప్రవహించి కోస్తాను చేరుచున్నవి. ఎగువ నొక ప్రభుత్వము, దిగువ నొక ప్రభుత్వము ఉన్నంతకాలము ఈ నీటిని సమగ్రముగా వినియోగించు పథకము పొసగదని ఆయన యెంచిరి. ఏ నదిపై ఎచ్చట ఆనకట్ట కట్టిన ఎన్ని యెకరములు పారునో లెక్కలు గట్టి చెప్పుట ఆయనకు అలవాటు. ప్రతిపక్ష నాయకుడుగా శాసనసభలోను ఆ అలవాటును విడువలేదు. ఆయన కోరిన విశాలాంధ్రము 1956లో సిద్ధించి, 2014లో రెండయినది. నీటి పంపకమున న్యాయము జరుగలేదను ఆగ్రహమే ఆ విభజనకు బలమైన కారణములలో ఒకటి యగుటను గమనించినచో, ఒక్క ప్రభుత్వ మేర్పడినంతనే నీటి సమస్య తీరునను ఆయన ఆశ పూర్తిగా ఫలింపలేదనియే చెప్పవలెను.

ఎన్నికల పరీక్షలో ఆయన పార్టీకి కలిగిన అనుభవము విచిత్రమైనది. 1952లో నల్లగొండ ఓటర్లు రావి నారాయణరెడ్డిగారికి నెహ్రూగారికంటె ఎక్కువ ఓట్లిచ్చి లోకసభకు పంపిరి. మూడేండ్లు గడిచి 1955లో ఆంధ్ర రాష్ట్ర శాసనసభకు ఎన్నికలు రాగా, పార్టీకి నూటికి 31 ఓట్లు వచ్చినను, 196 స్థానములలో 15 మాత్రమే దక్కినవి. అధికారము తమదే యని నమ్మి, ఒంటరిగా పోటీచేసి, తమకు వ్యతిరేకమైన శక్తు లన్నియు ఒక్కటి కాజాలవని తలచుట ఈ పరాభవమునకు కారణము. ఆ పదునైదుమందిలో గన్నవరమునుండి గెలిచిన సుందరయ్యగారు ఒకరు.

1962 చైనా యుద్ధకాలమున నిర్బంధము, ఆపైన పార్టీలో చీలిక. 1964 ఏప్రిలున జాతీయ సమితి నుండి వెలుపలికి నడచిన 32 మందిలో ఆయన ముఖ్యులు. జూలైలో తెనాలిలో సమావేశము జరుపుకొని, అక్టోబరు చివర కలకత్తాలో మహాసభ తీర్చిన మార్క్సిస్టు పార్టీకి ఆయనయే తొలి ప్రధాన కార్యదర్శి. పదవి చేపట్టి కొలదికాలమైనను గడువకుండగనే మరల జైలు. 1966 మే వఱకు అందే యుండిరి. ప్రభుత్వములో భాగస్వామ్యము కోరు మితవాదమునకును, తక్షణమే తుపాకి పట్టవలెనను అతివాదమునకును నడుమ దారి తీయవలెనని ఆ పార్టీ సిద్ధాంతము. మాస్కోకు గాని, పెకింగ్‌కు గాని తలయొగ్గక స్వదేశ పరిస్థితులనుబట్టి విప్లవ పథమును నిర్ణయించుకొనవలెననియు, భూమి దున్నువానికి చెందునట్లు చేయు వ్యవసాయ విప్లవమే ప్రజాతంత్ర విప్లవమునకు ఇరుసనియు ఆయన నమ్మకము. 1968లో ఆంధ్రప్రదేశమున పార్టీ శ్రేణులలో అత్యధికభాగము తరిమెల నాగిరెడ్డి, దేవులపల్లి, చండ్ర పుల్లారెడ్డిగార్ల వెంట పోయినప్పుడు, తాను ముప్పది యేండ్లు పెంచిన పార్టీ సొంత గడ్డపైననే పిడికెడు మిగులుట సుందరయ్యగారు చూచిరి. తెలంగాణ గ్రంథ రచనకు ప్రేరణము ఆ దెబ్బయే కావచ్చును: పోయినవారు తెలంగాణము పేరనే పోయిరి గదా!

1974లో ఆయన గుంటూరు జిల్లా అనంతవరమున చేసిన పని ఈ స్వభావమునకు సాక్ష్యము. అఖిల భారత పార్టీ ప్రధాన కార్యదర్శి, అరువది దాటిన మనిషి, డెల్టా గ్రామములోని కుటుంబముల స్థితిగతుల సర్వేకు పూనుకొని, ఎవరికి ఎంత భూమి, ఎవరు స్వయముగా దున్నుదురు, ఎవరు కౌలుకు చేయుదురు, ఎవరు కూలిపై ఆధారపడుదురు అని వర్గములుగా విభజించి ప్రకటించిరి. ఉపన్యాసములలో ‘ధనిక రైతు’, ‘పేద రైతు’ అని దొర్లించు మాటలకు ఒక యూరిలో అర్థమేమో తేల్చవలెనని ఆయన పట్టుదల. మూడు దశాబ్దముల అనంతరము వ్యవసాయార్థిక పరిశోధకులు ఆయన లెక్కలతో పోల్చిచూచుటకై అదే అనంతవరమును మరల సర్వే చేసిరి. రాజకీయ నాయకుని కాగితములు విద్వాంసులకు ప్రమాణములగుట మన దేశమున తఱచుగా జరుగు విషయము కాదు.

అత్యవసర పరిస్థితి కాలమున మరల అజ్ఞాతవాసము. అదే సమయమున పదవీ త్యాగము. ఇందిరాగాంధీ ప్రభుత్వమును ఎదిరించుటకై జనసంఘముతో చేతులు కలుపుట తగదని, పార్టీలో సంస్కరణవాదపు అలవాట్లు పెరుగుచున్నవని ఆక్షేపించుచు ఆయన ప్రధాన కార్యదర్శిత్వమునకు రాజీనామా నిచ్చిరి. 1978 జలంధరు మహాసభలో నంబూద్రిపాద్‌గారు ఆ స్థానమున వచ్చిరి. సుందరయ్యగారు మాత్రము అలిగి యింట కూర్చుండక, వేఱు కుంపటి పెట్టక, తిరిగి ఆంధ్ర రాష్ట్ర శాఖ పనిలో నిమగ్నులై, అదే సంవత్సరము గన్నవరమునుండి మరల శాసనసభ్యులైరి. 1985 మే 19వ తేదీన మద్రాసులో ఆయన కన్నుమూసిరి. హైదరాబాదు బాగ్‌లింగంపల్లిలోని సుందరయ్య విజ్ఞానకేంద్రము ఆయన పేర నెలకొన్నది. అందలి గ్రంథాలయము, విశేషించి ఉర్దూ గ్రంథముల సేకరణము, 2000వ సంవత్సరపు వరదలో తడిసి మిక్కిలి నష్టపడి, పరిశోధకుల పూనికతో కొంత బాగుపడినది.

మిగిలిన దేమి?

ఆయనను ‘కమ్యూనిస్టు గాంధీ’ యని పిలుచుట మనకు వాడుక. నిరాడంబరతనుబట్టి ఆ పేరు పొసగవచ్చును. కాని ఆ బిరుదు క్రింద ఆయన రాజకీయములను పూడ్చిపెట్టి, సైకిలును, సంతానరాహిత్యమును, ఆస్తిదానమును మాత్రము పూజించుట ఆయనకు చేయు న్యాయము కాదు. త్యాగులు మన దేశమున అన్ని పక్షములందును పుట్టిరి. సుందరయ్యగారి పక్షమున లోపములును పెక్కు కలవు: స్టాలిన్ నాటి సోవియట్ దారుణములను ఆయన తరము సకాలమున గుర్తింపలేదు, ఉద్యమము చీలికలు చీలికలై చిక్కిపోవుటను ఆయన ఆపలేకపోయిరి, ఓటు వేసిన జనమును అధికారము వఱకు నడిపించు ఉపాయమును కనుగొనలేకపోయిరి. ఈ లోపము లన్నింటిని ప్రక్కన పెట్టి చూచినను, తెలుగునాట రాజకీయములకు ఆయన చేర్చిన విలువ యొకటి నిలిచియున్నది: ప్రజల పేర చేసిన ప్రతి పనికిని ప్రజల ఎదుట, పేర్లతో అంకెలతో, నష్టములతో సహా లెక్క చెప్పవలెనను నియమము. ఆయన తీర్పులతో ఏకీభవింపనివారు సైతము ఆయన వ్రాసియుంచిన వివరముల ఆధారముననే ఆయనతో వాదింపవలసి వచ్చుచున్నది. నాయకునికి ఇంతకంటె గట్టి వారసత్వ ముండదు.

పోరాటమును కొనసాగించుటయే తప్పన్న రావి నారాయణరెడ్డిగారి జీవితమును, ఆయన వాదమును వచ్చు సంచికలో విచారింతము. సుందరయ్యగారి గ్రంథమును చేత పట్టుకొని ఆ వ్యాసమును చదువవలసినదిగా పాఠకులను కోరుచున్నాము.

(సశేషము)